కత్తుల విశ్రాంతి మందిరం

మా వీధిలో నన్ను కటింగ్ మాస్టారంటారు. అందువల్ల కొత్తగా కాపురానికి దిగినవాళ్ళెవరైనా జాకెట్టు గుడ్డలు పట్టుకుని మా గుమ్మంలోకి వస్తారు. నేను కోసేది గుడ్డ కాదమ్మా, వంకాయ అని చెప్పి పంపించేస్తుంటాను. సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళో ప్రభుత్వం వారి పాకకళా శిక్షణ సంస్థ ఒకటి ఉంది. అందులో కూరగాయలు తరగడం నేర్పే ఉద్యోగం నాది. పెద్ద హోటల్లో వంటవాడు కావాలంటే ముందు కత్తి పట్టడం రావాలి. వేలు తెగకుండా, ముక్క చెడకుండా బుట్టెడు ఉల్లిపాయలు తరగగలిగినవాడికి ఏ ఊళ్ళోనైనా అన్నం దొరుకుతుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పిల్లలకు ఇదే చెబుతున్నాను. చేసి చూపించడం ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు చెప్పడమే మిగిలింది.

దీనికంతటికీ కారణం ఆవగింజంత మచ్చ.

ఆ ఏడు మా సంస్థకు విదేశీ కత్తులు వచ్చాయి. మంచి ఉక్కు. టమాటా మీద ఊరికే ఆనిస్తే చాలు, దిగిపోయేవి. ఆ ఉక్కుకి ఒకటే లోపం, తడి పడదు. వాడాక కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె చుక్క రాసి పెట్టుకుంటే మనవల దాకా పనికొస్తుంది. ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. చేపలు కోసుకునే ప్రతివాళ్ళూ చేసే పనే.

కత్తులు వచ్చిన కొత్తలో కమిషనర్ గారు తనిఖీకి వచ్చారు. భోజనంలో నిమ్మచెక్క కావాలన్నారు. మా అటెండరు సత్తిబాబు కొత్త కత్తితో నిమ్మకాయ కోసి ఇచ్చాడు. అంతలో కమిషనర్ గారు క్రమశిక్షణ మీద ఉపన్యాసం అందుకున్నారు. ఆయన మాట్లాడుతుండగా కదలకూడదు గనుక నిమ్మరసం అంటిన కత్తి బల్ల మీద అలాగే పడి ఉంది. ఉపన్యాసం మొదలైనప్పుడు లేని మచ్చ, అది ముగిసేసరికి కత్తి అంచున వచ్చి కూర్చుంది. కమిషనర్ గారు దాన్ని బొటనవేలితో రాసి చూసి కారెక్కారు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. “సదరు సంస్థ యందలి కత్తి అంచున తుప్పు వంటి పదార్థము కానవచ్చినది. వాడకంలో లేని సమయమున కత్తుల రక్షణకై తీసుకొనిన చర్యలను తక్షణము తెలియజేయవలెను.”

మా డైరెక్టర్ డాక్టర్ పరంధామయ్య గారు ఆ మెమోని స్తోత్రంలా చదివారు. ఆయన డాక్టరేటు ‘ఇడ్లీ పిండి పులియుటలో పరిపాలన పాత్ర’ అనే విషయం మీద. పిండి దానంతటదే పులుస్తుంది గదా అనే అనుమానం మనకొస్తుంది. ఆయనకు రాలేదు, కాబట్టే డాక్టరేటు వచ్చింది.

“గమనించారా మాస్టారూ?” అన్నారు నాతో. “వాడకంలో లేని సమయమున అన్నారు. ఎంత లోతు! కత్తి వాడుతున్నప్పుడు తుప్పు పట్టదు. వాడనప్పుడే పడుతుంది. మన సంస్థ ఇన్నేళ్ళూ వాడటం మీదే దృష్టి కేంద్రీకరించింది. ఇది విధానపరమైన లోపం.”

“అయితే ఎక్కువగా వాడేద్దామండీ. వాడాక తుడిచి కాస్త నూనె రాస్తే...”

“మీది సాంకేతిక దృష్టి. నాది పరిపాలనా దృష్టి,” అన్నారు ఆయన.

కమిటీ వేశారు. కత్తికి ఏ నూనె రాయాలన్న దగ్గరే కమిటీ రెండుగా చీలింది. కొబ్బరినూనె చలికాలంలో పేరుకుంటుందని ఒక వర్గం, ఆముదం జిడ్డు వదలదని ఇంకో వర్గం. చివరికి జాతీయ సమైక్యత దృష్ట్యా ఒకరోజు అదీ, ఒకరోజు ఇదీ రాయాలని తీర్మానించారు. నూనె రాసిన కత్తిని మల్లు గుడ్డలో చుట్టాలి, గుడ్డని డబ్బాలో పెట్టాలి, డబ్బాలో తేమ పీల్చడానికి బొగ్గు ముక్కలు వెయ్యాలి, డబ్బాకి సీలు వెయ్యాలి. ఇంతవరకూ నేనూ తలూపాను. సీలు కాస్త ఎక్కువైనా తక్కినవి సబబే.

అప్పుడు పరంధామయ్య గారు కళ్ళద్దాలు తీసి, “అసలు వాడకంలో లేని సమయమంటే ఏమిటి? నిర్వచించుకోవాలి,” అన్నారు. అందరూ పంకా వంక చూశారు. ఆయనే నిర్వచించారు. “కత్తి అంచు కూరగాయను తాకి ఉన్న సమయం వాడకం. తక్కిన సమస్త కాలమూ నిల్వ.”

“అలాగైతే ఒక ఉల్లిపాయ కోశాక, ఇంకో ఉల్లిపాయ అందుకునే లోపల కూడా కత్తి నిల్వలో ఉన్నట్టేనాండీ?” అన్నాను.

నేను ఎగతాళికి అన్నాను. ఆయన రాసుకున్నారు.

మర్నాటి నుంచి నా క్లాసు చూసి తీరాలి. పిల్లలు ఒక ఉల్లిపాయ కోసి, కత్తి కడిగి, తుడిచి, సత్తిబాబు దగ్గర బారులు తీరి నూనె రాయించుకుని, గుడ్డ చుట్టి, డబ్బాలో పెట్టి, సీలు వేయించుకుని, మళ్ళీ సీలు తీయించుకుని, గుడ్డ విప్పి, నూనె తుడిచి రెండో ఉల్లిపాయ దగ్గరికి వచ్చేవాళ్ళు. అప్పటికి మొదటి ఉల్లిపాయ ముక్కలు ఎండి ఒరుగుల్లా అయ్యేవి.

ఆ పిల్లల్లో వీరవేణి అని ఒకమ్మాయి ఉంది. సంస్థ గేటుకి ఎదురుగా కర్రీ పాయింటు నడిపే నూకరత్నం కూతురు. పిల్ల చురుకు, నోరు కూడా చురుకే. దాని కోరిక ఒకటే. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న పెద్ద హోటల్ వాళ్ళు ఏటా మా దగ్గరికొచ్చి ఒకరినో ఇద్దరినో ఎంచుకుని తీసుకెళతారు. అందులో తను ఉండాలి. ఏడాది చదువు, అది అయిపోయే లోపల ఒక్కసారే అవకాశం, తరవాత లేదు. అది తప్పితే తల్లితో పాటు ఆ రేకుల షెడ్డులో కూర పొట్లాలు కట్టుకోవడమే.

“మాస్టారూ, రెండో ఉల్లిపాయ నా ఎదరే ఉంది గదండీ,” అంది ఆ రోజు. “దాన్ని సూత్తా సూత్తా కత్తిని మూట కట్టెయ్యమంటారేంటండీ?”

“చూడకమ్మా,” అన్నాను.

ఈ ఏర్పాటు కొన్నాళ్ళు సాగాక పరంధామయ్య గారు ఏదో పుస్తకంలో ఉల్లిపాయలో ఎక్కువ భాగం నీరేనని చదివారు. ఆ మధ్యాహ్నం ఆయన నా క్లాసులోకి పరిగెత్తుకుని వచ్చిన తీరు చూసి ఎక్కడో నిప్పంటుకుందనుకున్నాను.

“ఆపండి! ఉల్లిపాయ అంటే ఏమిటనుకున్నారు? తొక్క తొడుక్కున్న నీళ్ళు! సొరకాయ, దోసకాయ, టమాటా, అన్నీ నీళ్ళే! మనం ఇన్నాళ్ళూ ప్రభుత్వ కత్తుల్ని నీళ్ళలో ముంచుతున్నామన్న మాట!”

తడి కూరగాయలు నిషేధించారు. పిల్లలు కొన్నాళ్ళు ఎండుకొబ్బరి, శొంఠి కోశారు. శొంఠికి కత్తి అంచులు గాట్లు పడుతున్నాయని తేలడంతో అదీ ఆపారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాణ్ణి చూసి అందరం నవ్వుతాం గానీ, అతను ముందుగా కమిటీ వేసి ఉంటే మెచ్చుకునేవాళ్ళం. మా సీనియర్లెవరూ కిక్కురుమనలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఊరుకున్నాను.

ఇక కత్తులు పూర్తిగా నిల్వలో ఉన్నట్టే గనుక వాటికొక గది కావాల్సి వచ్చింది. లైబ్రరీని ఖాళీ చేయించి, ఏసీ బిగించి, గుమ్మం పైన ఇత్తడి బోర్డు పెట్టారు. ‘కత్తుల విశ్రాంతి మందిరం’. ప్రారంభోత్సవం నాడు రిబ్బన్ కత్తిరించడానికి కత్తెర వాడితే అది తుప్పు పట్టవచ్చని పరంధామయ్య గారు రిబ్బన్ ముడి విప్పారు. లోపల మాట్లాడకూడదు, ఎందుకంటే నోటి ఆవిరి తేమ. జలుబు చేసినవాళ్ళకీ, ఏడుపు మొహాలవాళ్ళకీ ప్రవేశం లేదు. పిల్లలు మాత్రం పంకా కూడా తిరగని వంటశాలలో చెమటలు కక్కుతూ ఉండేవాళ్ళు. ఒకరోజు వీరవేణి, “ఆ కత్తుల జన్మ ఎత్తినా బాగుండేదండీ,” అంది.

కత్తులు లేకుండా తరగడం నేర్పేదెలా? దానికీ డైరెక్టర్ గారి దగ్గర మార్గం ఉంది. దాని పేరు ‘శూన్య తరుగు విధానం’. ఎడమచేతిలో ఉల్లిపాయ ఉన్నట్టు, కుడిచేతిలో కత్తి ఉన్నట్టు భావించి, బల్ల మీద చెయ్యి ఆడించాలి. భావన బాగా కుదిరితే కళ్ళ నీళ్ళు కూడా వస్తాయని ఆయన చెప్పారు. ఆ మాట నిజమే, నాకు వచ్చాయి.

త్రైమాసిక పరీక్షకు ఆయనే పరీక్షాధికారి. వీరవేణి బల్ల దగ్గర నిలబడి గాలిలో చెయ్యి ఆడించింది. ఆయన వంగి, ఖాళీ బల్లని తేరిపార చూశారు.

“ముక్కలు సమానంగా లేవు.”

“ఏ ముక్కలండీ?”

“ఇవే. ఈ చివర లావు, ఆ చివర సన్నం. అదిగో, అజాగ్రత్త! వేలు తెగింది!”

“తెగలేదండి. సూడండి, బాగానే ఉంది.”

“తెగింది. నేను చూశాను. సత్తిబాబూ!”

సత్తిబాబు మందుల డబ్బా తెచ్చి, తెగని వేలికి కట్టు కట్టాడు. కట్టు కట్టినందుకు సంతకం పెట్టించుకున్నాడు. వీరవేణికి అయిదు మార్కులు తగ్గాయి. సాయంత్రం గేటు దగ్గర నన్ను పట్టుకుని ఆ పిల్ల ఏడ్చేసింది.

“హోటలోళ్ళు వచ్చి నిజం ఉల్లిపాయ ఇత్తే ఏం జెయ్యనండీ? ఇంటికాడ కత్తిపీట మీద ఎన్నయినా కోత్తాను. అక్కడ కత్తిపీట ఉండదు గదండీ.”

కత్తిపీటకీ కత్తికీ చాలా తేడా ఉంది. కత్తిపీట మీద కత్తి కదలదు, కాయ కదులుతుంది. మన ఆడవాళ్ళు ఒక కాలు పీట మీద వేసి కూర్చుని, కాయని కత్తికి ఎదురు తోస్తారు. చేతి కత్తితో కాయ ఉన్నచోట ఉంటుంది, కత్తి కదలాలి. పీట మీద ఆరితేరిన చెయ్యి కత్తి పట్టగానే ఉల్లిపాయని ముందుకు తోసేస్తుంది, వేలు తెగేది అక్కడే. ఆ అలవాటు మానిపించడానికి నాకు మామూలుగా ఏడాది పడుతుంది.

బజారులో కత్తి కొనుక్కోవచ్చు గదా అంటారేమో. తుప్పు అంటువ్యాధి అని మా కమిటీ అప్పటికే తేల్చింది. బయటి కత్తి ముట్టుకున్న చేతులతో పిల్లలు సంస్థలోకి రాకూడదు, దొరికితే పేరు కొట్టేస్తారు. అయినా నూకరత్నం శనివారం సంతకెళ్ళి ఓ కత్తి కొనుక్కొచ్చింది.

నేను రోజూ సాయంత్రం కూర కోసం ఆ షెడ్డుకి వెళతాను. నేనే కాదు, సంస్థ మొత్తానికి మధ్యాహ్నపు కూర కూడా అక్కడి నుంచే వస్తోంది. కత్తులు విశ్రాంతికి వెళ్ళినప్పటి నుంచీ వంట నేర్పే మా సంస్థలో అన్నం, మజ్జిగ తప్ప ఏమీ తయారు కావడం లేదు. పెద్ద కేరియర్లో నూకరత్నం కూర పంపితే, ఆకలిగా ఉన్న పాకశాస్త్ర నిపుణులందరం వరసగా కూర్చుని తినేవాళ్ళం.

షెడ్డు వెనకాల వీరవేణి సంత కత్తితో ఉల్లిపాయలు కోస్తుంటే నేను కూర పొట్లం పట్టుకుని గోడ వంక చూస్తూ నిలబడేవాణ్ణి. “వేళ్ళు లోపలికి ముడు. కాయని తొయ్యకు,” అని గోడకి చెప్పేవాణ్ణి. అధికారికంగా నేనెవరికీ ఏమీ నేర్పలేదు. దసరాకి ముందే పిల్ల చెయ్యి దారికొచ్చింది. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పుకుంటే, “సంతోషపడటానికి కూడా గోడ చాటు కావాలా మీకు?” అంది.

దసరాకి ఆయుధపూజ చేస్తాం గదా. ఆ ఏడు మందిరంలోనే ఘనంగా జరిగింది. కత్తులన్నిటినీ పట్టు గుడ్డ మీద పరిచి, అమ్మవారి పటం ముందు పెట్టి, పురోహితుడు ప్రతి కత్తికీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి దాని చెక్కలు పక్కన పెట్టాడు. దీపం కొండెక్కుతుందని ఏసీ ఆపారు. పూజలో పెట్టిన పనిముట్టుని ఆ రోజుకి ఎవరూ ముట్టుకోరు. మర్నాడు ఉద్వాసన చెప్పి కాస్త కదిపాకే మళ్ళీ పనిలోకి తీసుకుంటారు.

మర్నాడు పురోహితుడు వచ్చి, “ఒకసారి కత్తుల్ని ఉత్తరంగా జరపండి, ఉద్వాసన చెప్పేస్తాను,” అన్నాడు.

పరంధామయ్య గారు జరపలేదు. గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆలోచించారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

“మాస్టారూ, ఈ కత్తులు ఇప్పుడు వాడకంలో ఉన్నాయా?”

“లేవండి.”

“నిల్వలో ఉన్నాయా?”

“పూజలో ఉన్నాయండి.”

“అదీ! వాడకమూ కాదు, నిల్వా కాదు. మెమో పరిధిలోకే రావు. వీటికి తుప్పు పట్టే అవకాశం పరిపాలనాపరంగా లేదు!” అని పురోహితుడి చేతిలో దక్షిణ పెట్టి, ఉద్వాసన చెప్పకుండానే పంపేశారు. మందిరం తలుపులు మూసి సీలు వేశారు. పసుపూ కుంకుమా, నిమ్మచెక్కలూ, తడి పూలూ, కత్తులూ లోపల. సముద్రపు గాలి మాత్రం సీలుని లెక్క చేయకుండా కిటికీ సందుల్లోంచి లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంది.

మాఘమాసంలో హోటల్ వాళ్ళు వస్తున్నట్టు కబురు వచ్చింది. అదే రోజు కమిషనర్ గారు కూడా వస్తారట, మా సంస్థకి ఉత్తమ నిర్వహణ పురస్కారం ఇవ్వవచ్చో లేదో చూడటానికి. వీరవేణి నా దగ్గరికొచ్చి ఒకటే అడిగింది. “ఆ రోజుకి ఒక్క కత్తి బయటికి ఇప్పించండి మాస్టారూ. ఒక్కటండి. మళ్ళీ అడగను.” డైరెక్టర్ గారిని అడిగాను. పరిశీలిస్తామన్నారు. ఆయన పరిశీలిస్తామన్నవాటిలో ఒక్కటీ ఇంతవరకూ వెలుగు చూడలేదు.

ఆ రోజు వచ్చింది. హోటల్ తరఫున వచ్చినాయన షెఫ్ దివాకర్. నల్లగా, పొట్టిగా ఉంటాడు, చేతిలో చిన్న తోలు సంచి. బల్ల మీద ఉల్లిపాయల బుట్ట పెట్టి, “కత్తులు తెప్పించండి సార్,” అన్నాడు.

“ముందు దర్శనం చేసుకుందాం,” అన్నారు పరంధామయ్య గారు.

చెప్పులు విప్పి అందరం మందిరం ముందు నిలబడ్డాం. సీలు తీసి తలుపులు తెరవగానే ముక్కిపోయిన వాసన కొట్టింది. పట్టు గుడ్డ మీద కత్తులన్నీ పిడి నుంచి మొన దాకా ఎర్రగా ఉన్నాయి. ఉక్కు మెరుపు మచ్చుకి కూడా కనిపించలేదు. సత్తిబాబు నా చెవిలో, “కుంకం కాదండి బాబో, తుప్పండి,” అన్నాడు. నేను వాడి కాలు తొక్కాను. వాడి కంటికి కనిపించింది డైరెక్టర్ గారి కంటికీ కనిపించే ఉంటుంది. ఆయన ఒక్కసారి రెప్ప వేశారు.

“చూడండి సార్,” అన్నారు కమిషనర్ గారితో. “దసరా నుంచి నిరంతరాయంగా పూజలో ఉన్నాయి.”

కమిషనర్ గారు మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో ఒక కత్తిని రాశారు. ఎర్రటి పొడి రాలింది. దాన్ని భక్తిగా నుదుట పెట్టుకున్నారు. పక్కనున్న అధికారులందరూ అడ్డొచ్చినవాళ్ళని తోసుకుంటూ వచ్చి తలా కాస్త పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను, పెట్టుకోకపోతే ఎందుకు పెట్టుకోలేదని అడుగుతారు గదా.

దివాకర్ మాత్రం వంగి చూసి, “పిల్లల్ని పరీక్ష చెయ్యాలి. వీటితో ఎలా?” అన్నాడు.

“పూజలో ఉన్నవాటిని కదపడం సంప్రదాయం కాదు. మా పిల్లలకు కత్తి అక్కర్లేదు. శూన్య తరుగు విధానంలో...” అంటూ డైరెక్టర్ గారు మొదలుపెట్టారు. వంటశాలలోకి వెళ్ళి, పిల్లలందరి చేతా గాలిలో తరిగించి చూపించారు. దివాకర్ నోరు తెరుచుకుని చూశాడు. తరవాత గడియారం చూసుకున్నాడు. “మంచిది సార్. నాకు రైలుకి టైమవుతోంది,” అని సంచి భుజాన వేసుకున్నాడు.

వీరవేణి అతని దారికి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

“అయ్యా, మీ సంచిలో కత్తి ఉంటది గదండీ. ఓసారి ఇవ్వండి.”

“వీరవేణీ!” అన్నారు డైరెక్టర్ గారు. “బయటి కత్తి! అంటువ్యాధి!”

వంటవాళ్ళు తమ కత్తి ఇంకొకరి చేతికివ్వరు. దివాకర్ ఆ పిల్ల చేతుల వంక ఒక్క క్షణం చూసి, సంచి తెరిచి కత్తి ఇచ్చాడు.

ఇక చూడండి. ఇన్ని నెలల తరవాత ఆ వంటశాలలో నిజమైన ఉల్లిపాయ తెగింది. చప్పుడు ఎడతెగకుండా సాగింది, ముక్కలన్నీ ఒకే తీరున పక్కకి ఒరిగాయి. వేళ్ళు ముడిచే ఉన్నాయి, కాయని తొయ్యలేదు. బుట్ట సగం ఖాళీ అయ్యేసరికి ఘాటు గది నిండా కమ్మింది. అలవాటు తప్పిన కళ్ళు గదా, అందరికీ ధారలు కట్టాయి. కమిషనర్ గారికి మరీ ఎక్కువ. నుదుట ఎర్రబొట్టు, చెంపల మీద కన్నీళ్ళు. ఆయన వెంట వచ్చిన పత్రికలవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. మర్నాడు పేపర్లో ‘కత్తుల సన్నిధిలో కంటతడి పెట్టిన కమిషనర్’ అని వేశారు. నేనూ ఏడ్చాను, అది ఉల్లిపాయ వల్ల కాదు.

దివాకర్ కత్తిని తుడిచి సంచిలో పెట్టుకుంటూ, “వచ్చే నెల ఒకటో తారీఖున చేరిపో అమ్మా,” అన్నాడు.

వీరవేణి చేరిపోయింది. మా సంస్థకి ఉత్తమ నిర్వహణ పురస్కారం వచ్చింది. కథ ఇక్కడ ఆగి ఉంటే అందరికీ మంచిదే. అయితే అనధికార కత్తి వాడినందుకు ఆ పిల్లకి మెమో ఇవ్వాలా, ఉద్యోగం సంపాదించినందుకు సన్మానం చెయ్యాలా అని మా కమిటీకి సందేహం వచ్చింది. పరంధామయ్య గారు తేల్చేశారు. “ఆ కత్తి రికార్డులో లేదు. రికార్డులో లేని కత్తితో ఎవరూ ఏమీ కొయ్యలేరు. కాబట్టి ఆ అమ్మాయి మన విధానంలోనే కోసింది.”

నెల తిరిగేసరికి గేటు ముందు పెద్ద హోర్డింగు లేచింది. పేపరువాళ్ళు తీసిన ఫొటోయే, ఉల్లిపాయలు కోస్తున్న వీరవేణి. చేతిలో కత్తిని మాత్రం కంప్యూటర్లో చెరిపేశారు. పిడికిలి బిగించి ఖాళీ చెయ్యి ఆడిస్తున్నట్టుంది. కింద పెద్ద అక్షరాలతో ‘శూన్య తరుగు విధానం ఘనవిజయం. కొత్త అడ్మిషన్లు జరుగుతున్నవి’ అని ఉంది. కమిషనర్ గారు దీన్ని తక్కిన శిక్షణ సంస్థలన్నిటికీ సిఫారసు చేశారు. ఈత కొలనువాళ్ళు వచ్చి నీళ్ళు ఎలా ఆదా చెయ్యాలో నేర్చుకుని వెళ్ళారు.

హోర్డింగు లేచిన పొద్దున్నే నూకరత్నం చేతిలో గరిటెతో గేటు లోపలికి వచ్చింది. పరంధామయ్య గారు వరండాలోనే ఉన్నారు, పక్కన నేను.

“ఏవండీ, మా పిల్ల చేతిలో కత్తేదండీ?”

“అదేనమ్మా మా విధానం ప్రత్యేకత,” అన్నారు ఆయన చిరునవ్వుతో.

“విధానమాండి? సంతకెళ్ళి కత్తి కొన్నది నేనండి. తెగిన యేళ్ళకి పసుపు గుడ్డ కట్టింది నేనండి. సాయంత్రం నిలబడి చెప్పింది ఈ మాస్టారండి. ఉత్త చెయ్యి ఊపితే ఉద్యోగమిచ్చారాండి మా పిల్లకి? చెప్పండి మాస్టారూ, మీరు చెప్పండి!”

ఇద్దరూ నా వంక చూశారు. నోరు తెరిచాను. డైరెక్టర్ గారు గొంతు సవరించుకున్నారు. నేను హోర్డింగు వంక చూస్తూ, “ఫొటో బాగా వచ్చిందమ్మా,” అన్నాను. ఛీ అనిపించింది నాకే.

నూకరత్నం నన్ను ఎగాదిగా చూసింది. తరవాత చాలా మర్యాదగా, “అలాగేనండి,” అంది. “ఈయేల మీ కూర కూడా ఆ విధానంలోనే ఒండి పంపుతానండి.”

మధ్యాహ్నం కేరియర్ వేళకే వచ్చింది. పురస్కారం పేరు విని అప్పటికే చేరిన కొత్త పిల్లలందరూ మా ఎదుటి వరసలో కంచాల ముందు కూర్చుని ఉన్నారు. పరంధామయ్య గారి కంచంలో సత్తిబాబు అన్నం పెట్టాడు. ఆయన మూత తీశారు. గిన్నె కడిగి, తుడిచి, ఆరబెట్టి ఉంది. చుక్క తడి లేదు.

కొత్త పిల్లలు గిన్నె వంకా ఆయన వంకా మార్చి మార్చి చూస్తున్నారు. ఆయన ఒక్కసారి రెప్ప వేశారు. గరిటె ముంచారు. అన్నం మీద నిండుగా వేసుకుని, బాగా కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలారు.

“రుచి పరవాలేదు,” అన్నారు. “ముక్క కాస్త పెద్దదైంది. మాస్టారూ, ఇది మీ సబ్జెక్టు. మీరేమంటారు?”

గిన్నె నా దగ్గరికి వచ్చింది. పిల్లలందరూ నా వంకే చూస్తున్నారు. పొద్దున్న కూడా ఏమీ తినలేదేమో, కడుపు నకనకలాడిపోతోంది. నేను ఓ గరిటె వడ్డించుకుని, ముక్కని రెండు వేళ్ళతో నొక్కి చూసి, “అవునండీ, ఇంకా సన్నగా తరగాల్సింది,” అన్నాను. కొత్త పిల్లలు పుస్తకాలు తీసి రాసుకున్నారు.